‘తేలికపాటి పని’ అంటే ఏ పని?

పనిలో గాయపడినవారో, జబ్బుపడి నెలల తరబడి మంచం పట్టినవారో మళ్లీ విధుల్లో చేరేటప్పుడు వారి చేతిలో సాధారణంగా ఒక్క కాగితమే ఉంటుంది. ఆరోగ్యం కుదుటపడిందని, కొన్నాళ్లపాటు తేలికపాటి పని ఇవ్వాలని వైద్యుడు అందులో రాస్తాడు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ షెడ్డులో ఎన్నడూ అడుగుపెట్టని వైద్యుడికి అక్కడ ఏది తేలికో తెలియదు. మనిషి ఎంత బరువు ఎత్తగలడో, ఎంతసేపు నిలబడగలడో ఆ కాగితంలో ఉండదు కాబట్టి సూపర్‌వైజర్‌కూ తెలియదు. ఇద్దరూ తేల్చని సంగతిని కార్మికుడు తన ఒంటి మీదే తేల్చుకోవలసి వస్తుంది.

ఉదాహరణకు, భుజం దెబ్బతిన్న ఒక ప్యాకింగ్ కార్మికురాలిని తీసుకుందాం. రిజిస్టరులో ఆమె పని ‘పెట్టెలు సర్దడం’ అని ఒక్క ముక్కలో ఉంటుంది, ఆ ముక్కను బట్టి చూస్తే ఆమె పనికిరాదు. ఆమె పక్కన అరగంట నిలబడి చూస్తే మాత్రం లెక్క మారుతుంది. లేబుల్ అతికించడం, లెక్క సరిచూడడం, అట్టపెట్టె మడవడం, కింది అరలు నింపడం అన్నీ ఛాతీ ఎత్తులోపు జరిగే పనులు. నొప్పి పుట్టించేవి రెండే: తలకు పైన వేలాడే టేపు చుట్టను లాగడం, పెట్టెలను పై అరకు ఎత్తడం. టేపు చుట్టను మూరెడు కిందికి దించి, పై అర పనిని రెండు నెలలు మరొకరికి అప్పగిస్తే ఆమె మిగిలిన పనంతా చేసుకోగలదు. ఇందుకు పెద్దగా ఖర్చేమీ కాదు. అయినా ఇలా చూసేవారు అరుదు, ఎందుకంటే చూడడం ఎవరి బాధ్యతో చాలాచోట్ల రాసి ఉండదు.

వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక 27వ అధికరణంలో, ఉద్యోగం నిలబెట్టుకోవడానికీ తిరిగి పనిలో చేరడానికీ తోడ్పడే కార్యక్రమాల ప్రస్తావన స్పష్టంగానే ఉంది. సూత్రం మీద పేచీ లేదు, ఆచరణ ఎప్పుడు మొదలవ్వాలన్నదే ప్రశ్న. జర్మనీలో 2004 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఏడాది వ్యవధిలో ఆరు వారాలకు మించి అనారోగ్యంతో పనికి దూరమైన ఉద్యోగితో, అతని సమ్మతి ఉంటే, యాజమాన్యం కూర్చుని తిరిగి రావడానికి దారులు వెతకాలి. నెదర్లాండ్స్ 2002లో తెచ్చిన చట్టం ఇంకా గట్టిది: ఆరో వారానికల్లా సమస్యను విశ్లేషించాలి, ఎనిమిదో వారానికల్లా ఉద్యోగి, యజమాని కలిసి కార్యాచరణ రాసుకోవాలి. అక్కడ జబ్బుపడిన ఉద్యోగికి రెండేళ్ల వరకు వేతనంలో కనీసం 70 శాతం యజమానే చెల్లించాలి. టేపు చుట్టను దించాలన్న ఆలోచన త్వరగా తట్టడానికి ఇంతకు మించిన ప్రేరణ ఉంటుందా?

బ్రిటన్ 2010లో వైద్యుడి ధ్రువపత్రాన్నే మార్చింది. పనికి తగరు అన్న మాటతోపాటు ‘తగిన మార్పులు చేస్తే పని చేయవచ్చు’ అన్న గడిని చేర్చింది. క్రమంగా పెంచే పని గంటలు, మార్చిన వేళలు, మార్చిన విధులు, పనిచేసే చోట సర్దుబాట్లు అన్న నాలుగు మార్గాలు అందులో ఉన్నాయి. ఆలోచన మంచిదే. అయినా వైద్యులు ఇప్పటికీ ఎక్కువగా పాత గడికే టిక్కు పెడుతున్నారు. పని స్థలం నుంచి సమాచారం అందకపోతే వైద్యుడైనా ఏం రాయగలడు?

తొందరగా పనిలోకి రప్పించడమే గొప్ప అనుకోవడమూ పొరపాటే. గాయం వల్ల నష్టపోయిన పనిదినాలను బట్టి భద్రతా రికార్డును కొలిచే సంస్థల్లో, కట్టు విప్పకముందే మనిషిని పిలిపించి గేటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టే అలవాటు ఉంది. హాజరు పడుతుంది, లెక్క శుభ్రంగా ఉంటుంది. రోజంతా ఊరికే కూర్చున్న కార్మికుడికి మాత్రం తానిక అక్కర లేదన్న సంగతే బోధపడుతుంది. ఇలాంటి హాజరును పునరాగమనం అనడం నాకు సమ్మతం కాదు.

క్యాన్సర్ చికిత్స తర్వాతి నిస్సత్తువ, కుంగుబాటు వంటి వాటికి కట్టు కూడా కనబడదు. ఉదయం బాగా పనిచేసిన వ్యక్తి మధ్యాహ్నానికి సోలిపోతే సోమరితనం అనుకునేవారే ఎక్కువ. ఇక్కడ సూపర్‌వైజర్‌కు జబ్బు పేరు తెలియనక్కర లేదు. ఎన్ని గంటలు, ఏ పనులు, ఎన్నాళ్లు అన్నది తెలిస్తే చాలు.

ఇక పై అరలకు పెట్టెలు ఎత్తే ఆ మరొకరి సంగతి. ఆ రెండు నెలలూ అతని రోజువారీ లక్ష్యాన్ని తగ్గించకపోతే, మొదటి వారం సానుభూతి చూపినవాడే మూడో వారానికి విసుక్కుంటాడు. ఆ విసుగు చెవిన పడకూడదని ఆమె ఒకరోజు తానే చెయ్యి పైకెత్తుతుంది, భుజం మళ్లీ మొదటికొస్తుంది.