ఆ అమ్మాయిని మాట పూర్తి చేయనివ్వాల్సింది

మొన్న మన సంఘం ఉగాది వేడుకలో, మనం ఇచ్చే స్కాలర్‌షిప్ అందుకుంటున్న పిల్లలతో వీడియో కాల్ పెట్టాం కదా. గోదావరి పాయల మధ్య లంక ఊరికి చెందిన, అమలాపురంలో డిగ్రీ చదువుతున్న అమ్మాయిని పెద్దాయన ఒకరు "తర్వాత ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. "ఆయ్, మా లంకలోనే ఉంటానండి. 21 నిండుతున్నాయి. రిజర్వేషన్ కలిసొస్తే సర్పంచ్‌గా, లేకపోతే వార్డు మెంబరుగా నిలబడతానండి. మా రేవు దగ్గర..." అంటుండగానే హాలంతా నవ్వేసింది. "ముందు ఉద్యోగం చూసుకో తల్లీ, ఈ రాజకీయాలు మనకెందుకు" అన్నారాయన. చప్పట్లు. ముందు వరసలో కూర్చున్నాను, తెర మీద ఆ పిల్ల మొహం చిన్నబోవడం చూశాను. లేచి ఒక్క మాట అనలేకపోయాను.

మాదీ లంక ఊరే. 1986 ఆగస్టు వరద వచ్చినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. నీళ్లు అరుగు ఎక్కాక నాటు పడవ వచ్చింది. అందులో మా ఊరి డిగ్రీ కుర్రాడు, చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుబుక్కు. మా మామ్మ ఆవుని వదిలి రానంటే రానంది. అతను వాదించలేదు. నడుంలోతు నీళ్లలో దిగి, ఆవుని ఏటిగట్టు మీద కట్టేసి తిరిగొచ్చి, "కట్టేశాను మామ్మా, గడ్డి కూడా వేశాను, ఇక ఎక్కు" అన్నాడు. అప్పటికి అతనికి ఓటు కూడా లేదు. 18 ఏళ్లకి ఓటు హక్కు వచ్చింది 1989లో. వాళ్ల నాన్న మాత్రం "నీకెందుకురా ఊరి గొడవ" అని తిడుతూనే ఉండేవాడు. తర్వాత రెండుసార్లు మా సర్పంచ్ అతనే.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి అప్పటి నోటుబుక్కు పేజీ ఒకటి ఫొటో తీసి జతచేసింది. పాలు తాగే పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారు, షుగర్ మాత్రలు ఎవరికి అయిపోయాయి, నెలలు నిండినవాళ్లు ఎవరు. పెన్సిల్ గీతలు, తడికి అలికిన అక్షరాలు. పడవ ముందు ఎటు వెళ్లాలో ఆ పేజీ చూసే చెప్పారట. అది మన కమిటీలో ఎంతమంది చదివారో!

పులస, పూతరేకులు, "ఆయ్" అనే ఆ తియ్యటి పలకరింపు మనకి ప్రాణం. యానాం వెళ్తూ బాలయోగి వారధి మీద ఆగి ఫొటోలు దిగుతాం. ఎదుర్లంకలో పుట్టి, జిల్లా పరిషత్ నుంచి లోక్‌సభ స్పీకర్ దాకా వెళ్లిన మనిషి పేరది. అదే దారిలో మొదటి అడుగు వేస్తానన్న పిల్లని మాత్రం నవ్వి కూర్చోబెట్టాం.

పెద్దాయన ఆదుర్దా నాకు తెలుసు. పేదింటి పిల్లకి జీతం కావాలి, ఎన్నికలంటే ఖర్చు, పార్టీల ఒత్తిడి. ఆడపిల్ల గెలిచినా కుర్చీలో ఇంకెవరో కూర్చునే ఊళ్లు ఉన్నాయి. అన్నీ నిజాలే. అందుకే కదా ఆమెకి మన అండ కావాలి!

మన దరఖాస్తులో "ఏ కంపెనీలో చేరాలనుకుంటున్నారు?" అనే ప్రశ్న ఉంది. దాని పక్కనే "మీ ఊరికి ఏం చేయాలనుకుంటున్నారు?" అని కూడా అడుగుదాం. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే పనిచేస్తామనే పిల్లలకి ఇంకో రెండేళ్లు సాయం కొనసాగిద్దాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ మాట పెడుతున్నాను, దయచేసి బలపరచండి. ఈలోగా ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ కలుపుదాం. రేవు దగ్గర ఏం కావాలో ఆమె ఇంకా చెప్పనేలేదు.