పాలు ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాయి

అమెరికాలో మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవుకి మన తెలుగు సంఘం పెట్టిన పిక్నిక్‌లో, క్రికెట్ ఆడుతూ మావాడికి బంతి తగిలి పన్ను ఊడిన సంగతి వచ్చినవాళ్ళందరికీ తెలుసు. గ్రూపులో రెండు రోజులు నలిగింది. మూడో రోజు కప్పు పట్టుకున్న టీము ఫొటోలు వచ్చాయి, మాట అటు మళ్ళింది. పన్ను పోయింది మావాడిది కనక నా మనసు మాత్రం ఇంకా ఆ గ్రౌండులోనే ఉంది.

వాడికి 13 ఏళ్ళు. సెమీఫైనల్లో బ్యాటింగ్ చేసేవాడికి పక్కవైపు, పాయింట్‌లో ఫీల్డింగ్‌కి నిలబడ్డాడు. బాగా దగ్గరగా నిలబడ్డాడని తర్వాత అందరూ అన్నారు, అప్పుడు ఎవరూ వెనక్కి జరగమనలేదు. హార్డ్ టెన్నిస్ బంతి నేరుగా మూతికి తగిలింది. నేను టీ టేబుల్ దగ్గర పాలు కాస్తున్నాను. పరిగెత్తి వెళ్ళేసరికి నోరంతా రక్తం. పై వరస ముందు పన్ను ఒకటి వేరుతో సహా గడ్డిలో పడి ఉంది. దాన్ని తీసింది నేనే. వేరు దగ్గర పట్టుకుని తీశాను. మట్టి అంటిందని మంచినీళ్ళు పోసి బొటనవేలితో రుద్ది రుద్ది కడిగాను. టిష్యూలో చుట్టి పర్సులో వేసుకున్నాను. ఆ మూడు పనులూ తప్పేనని ఆ సాయంత్రం తెలిసింది.

మన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో బ్యాండ్ ఎయిడ్‌లూ ఒక నొప్పి స్ప్రే డబ్బా తప్ప ఏమీ లేవు. పక్కనున్న ఒక తమ్ముడు మావాడి భుజం తట్టి, "ఏం కాదు వదినా, కుంబ్లే దవడ విరిగినా బౌలింగ్ చేశాడు" అన్నాడు. ధైర్యం చెప్పాలనే అన్నాడు. 2002లో ఆంటిగ్వా టెస్టులో మన బౌలర్ కుంబ్లే తలచుట్టూ కట్టు కట్టుకుని 14 ఓవర్లు వేశాడు, వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ లారాని అవుట్ చేశాడు, నిజమే. ఆ వెంటనే ఆపరేషన్ కోసం బెంగళూరు బయల్దేరాడన్నది మాత్రం మనం పిల్లలకి చెప్పం. వాడు కళ్ళనీళ్ళు మింగుకుని, ఫైనల్ ఆడనిస్తావా అమ్మా అని అడిగాడు. పిల్లాడితో ఆ మాట అనిపించింది మన మాటలే అనిపిస్తుంది నాకు.

సెలవు రోజు. ఎమర్జెన్సీలో చూసే డెంటిస్టు దొరకడానికి రెండు గంటల పైనే పట్టింది. ఆవిడ మొదటి ప్రశ్న, పన్ను దేంట్లో పెట్టి తెచ్చారని. టిష్యూ విప్పి చూపించాను. ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు.

వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుందట. పన్నుని ఎముకకి పట్టి ఉంచేది అదే, అందులోని కణాలు బతికి ఉన్నంతసేపే పన్ను మళ్ళీ సరిగ్గా అతుక్కుంటుంది. పొడిగా గంటసేపు ఉంటే ఇక బతకవు. నేను రుద్దినప్పుడే ఎన్ని పోయాయో. పన్నుని తెల్లటి భాగం దగ్గరే పట్టుకోవాలి. మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో ఊరికే ఒకసారి తడిపి, అక్కడికక్కడే దాని గుంటలో పెట్టి, శుభ్రమైన గుడ్డ మెల్లిగా కొరికి పట్టమనాలి. పెట్టడానికి చెయ్యి రాకపోతే చల్లటి పాలల్లో వేసి తీసుకెళ్ళాలి. నీళ్ళల్లో ఉంచకూడదు, కణాలు ఉబ్బి పగిలిపోతాయి. ఇదంతా శాశ్వత దంతానికే. పాలపన్ను అయితే మళ్ళీ పెట్టకూడదు, కింద ఉన్న పన్నుకి దెబ్బ.

పాలు! నా టీ టేబుల్ మీద రెండు గ్యాలన్ల పాలు ఉన్నాయి, ఒకటి మూత కూడా తియ్యలేదు. వాడు పడ్డ చోటికి ఇరవై అడుగులు.

ఆవిడ పన్ను పెట్టారు, రెండు వారాలు పక్క పళ్ళకి తీగతో కట్టి ఉంచారు, రూట్ కెనాల్ చేశారు. నిలబడినన్నాళ్ళు నిలబడుతుందన్నారు. మెల్లిగా ఎముకకి అంటుకుపోయి వేరు కరిగిపోతుందట. ఎదిగే వయసు కదా, పక్క పళ్ళు కిందికి దిగుతుంటే ఇది పైనే ఆగిపోతుంది. ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టరు.

ఇంటికొచ్చాక మా అత్తయ్య వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, "మా ఊళ్ళో ఊడిన పన్ను పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేవాళ్ళం నాన్నా, మళ్ళీ వచ్చేది" అంది. వాడు చాలాసేపటికి నవ్వాడు. ఇలాంటివి మూఢనమ్మకాలని కొట్టిపారేసే మనిషిని నేను. ఆ రాత్రి కప్పుకేసి చూడకుండా ఉండలేకపోయాను.

అయిపోలేదు. మూడు వారాల తర్వాత వాడు ఐస్‌క్రీం ఒకవైపే తింటున్నాడు. అడిగితే "జివ్వుమంటోంది అమ్మా" అన్నాడు. మామిడికాయ ముక్కలు తిన్నావుగా, పళ్ళు పులిసుంటాయన్నాను. లవంగం ఇచ్చాను. డిసెంబర్లో ఇండియా వెళ్తాంగా అక్కడ చూపిద్దామని కూడా అన్నాను, మన ఇళ్ళల్లో పళ్ళ గురించి అందరం అనే మాటే. తీరా చూస్తే ఆ దెబ్బకే పక్క పన్నులో సన్నటి చీలిక.

ఆ జివ్వు వేరు, మన రోజువారీ జివ్వు వేరు. పంటి మీది పింగాణీ పొర (ఎనామెల్) అరిగినా, చిగురు వెనక్కి తగ్గినా లోపలి పొర బయటపడుతుంది. అందులో కంటికి కనపడని వేల గొట్టాలు. చల్లదనం తగిలితే వాటిలో ద్రవం కదిలి నరాన్ని తాకుతుంది. పరగడుపున నిమ్మకాయ తేనె నీళ్ళు తాగి వెంటనే గట్టి బ్రష్‌తో తోమేవాళ్ళు మనలో ఎంతమంది! పులుపుతో మెత్తబడిన పొరని తోమి అరగదీస్తున్నాం. అరగంట ఆగండి, మెత్తటి బ్రష్ పట్టండి. ఆటల్లో పిల్లలు తాగే స్పోర్ట్స్ డ్రింకులూ అంతే పులుపు, మంచినీళ్ళు చాలు. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు కొన్ని వారాలు క్రమంగా వాడితే చాలామందికి తగ్గుతుంది. కానీ దెబ్బ తగిలాక ఒక్క పన్నే జివ్వుమంటే పేస్టుతో సరిపెట్టకండి, వెంటనే చూపించండి.

ఆటలో పిల్లలు మౌత్‌గార్డు, అంటే పళ్ళని కాపాడే మెత్తటి తొడుగు, పెట్టుకోవాలని సంఘం కమిటీ సమావేశంలో అడిగాను. నా మాట విన్నారు, అందుకు కృతజ్ఞతలు. టెన్నిస్ బంతే కదా అన్నారు, పిల్లలు మౌత్‌గార్డు పెట్టుకోరన్నారు, ఆటలో సరదా పోతుందన్నారు. మూడో మాట నేనూ కొంత ఒప్పుకుంటాను. మన పిల్లలు తెలుగు మాటలు వింటూ ఆడేది ఏడాదికి ఆ రెండు రోజులే, దాన్ని నియమాలతో నింపాలని నాకూ లేదు. కానీ ఇదే పిల్లలు స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌కి, వలకర్రతో ఆడే లక్రాస్‌కి మారుమాట్లాడకుండా పెట్టుకుంటున్నారు. వేడినీళ్ళల్లో ముంచి కొరికి అచ్చు తీసుకునే రకం ఇరవై డాలర్లలోపే వస్తుంది. అచ్చం ఆ పిల్లాడి నోటికే చేయించేది ఇంకా మంచిది, ఖర్చూ ఎక్కువే. మొదటిది చాలు, మొదలుపెడదాం.

ఆగస్టు టోర్నమెంటు రిజిస్ట్రేషన్ ఫారంలో పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళందరికీ మౌత్‌గార్డు అని ఒక్క వాక్యం చేర్చండి, ప్రెసిడెంటు గారూ. కొనలేని ఇంటికి సంఘమే కొనివ్వాలి. మొదటి పది నా తరఫున. బ్యాటింగ్ చేసేవాడికి మరీ దగ్గరగా పిల్లల్ని నిలబెట్టొద్దని కెప్టెన్లకి చెప్పండి.

మావాడు ఆడతానంటున్నాడు. నేను వద్దనలేదు. టీ టేబుల్ ఈసారీ నాదే. ఐస్ పెట్టెలో ఒక పాల సీసా మూత తియ్యకుండా వేరుగా పెడతాను, టీకి దాన్ని ముట్టుకోవద్దని కాగితం అంటిస్తాను.