తరవాణి కుండకు కుళాయి

మా అక్క తన కూతురి పురిటికని బెంగళూరు వెళ్ళిన మే నెలలో, కూకట్‌పల్లి అపార్టుమెంటులో ఒంటరిగా మిగిలిన మా బావగారికి హఠాత్తుగా తరవాణి అన్నం మీదికి మనసు పోయింది. వారి బాల్యం అమలాపురం దగ్గరి పల్లెలో గడిచింది. రాత్రంతా పుల్లటి తేటలో నానిన అన్నాన్ని పొద్దున్నే బామ్మగారు చేత్తో పిండి తీసి, ఉప్పూ కాస్త వామూ కలిపి, దబ్బాకు వాసన గుప్పుమంటుండగా మాగాయ టెంకతో సహా పిల్లల కంచాల్లో పెట్టేవారట. ఆ టెంక చీకుతూ బడికి వెళ్ళిన వైభవాన్ని వర్ణించేటప్పుడు, బ్యాంకు ఉద్యోగంలో నలభై ఏళ్ళ వయసుకే మేనేజరైన సంగతి కూడా బావగారికి చిన్నదిగానే కనిపిస్తుంది.

అయితే ఆయనకు గుర్తున్నదల్లా తినడమే. బామ్మగారు రోజూ వార్చిన గంజినీ, బియ్యం కడిగిన నీళ్ళనూ కుండలో పోయడం, పాత తేట కొంత తీసేయడం, మధ్యమధ్య కుండను కడిగి ఎండబెట్టడం ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు. మన మగవాళ్ళ బాల్యస్మృతులన్నీ ఇంచుమించు కంచం దగ్గరే మొదలై కంచం దగ్గరే ముగుస్తాయి.

మొదటి చిక్కు కుండతోనే వచ్చింది. ఎండాకాలం కావడంతో రోడ్డు పక్క అమ్మేవన్నీ మంచినీళ్ళ కోసం కుళాయి బిగించిన కుండలే. తేట వంచుకునే శ్రమ తప్పుతుందని సంతోషించి బావగారు అందులో పెద్దదే కొన్నారు. రెండో చిక్కు గంజి. కుక్కరులో వండిన అన్నానికి గంజి ఎక్కడిది? చిక్కగా ఉన్న నీళ్ళేవైనా ఒకటేనన్న నమ్మకంతో ఆయన కందిపప్పు కడిగిన నీళ్ళు కూడా పోసి, మూత మీద గుడ్డ కట్టి, ఉప్పు సంగతి మరచి, ఆ కుండను వంటింటి కిటికీ పక్కన ఎండ తగిలే చోట ప్రతిష్ఠించారు.

నాలుగైదు రోజులకు వాసన లిఫ్టులోకి దిగింది. కింది అంతస్తువారు డ్రైనేజీ పొంగిందని ఫిర్యాదు చేశారు, అసోసియేషన్ సెక్రటరీగారు ప్లంబరును పిలిపించారు, చాంబర్ల మూతలన్నీ ఎత్తించారు, ఏమీ దొరకలేదు. చివరికి ప్లంబరు తన ముక్కును నమ్ముకొని మెట్లెక్కి బావగారి తలుపు తట్టేసరికి, ఆయన చేతిలో కంచంతో కుళాయి ముందు కూర్చొని ఉన్నారు. మెతుకులు అడ్డుపడి చుక్క రావడం లేదు.

"సార్, మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మ కూడా కుండలో అన్నం పులియబెట్టేదండి," అన్నాడతను, మూత తీసి వెంటనే వేసేస్తూ. "పుల్లటి వాసనొచ్చేది గానీ, ఇలా కుళ్ళు కంపు కొట్టేది కాదండి."

కుళాయి బాగుచేసినందుకు కాదు గానీ, కుండను కిందికి మోసినందుకు అతనికి బావగారు మూడు వందలు ఇచ్చుకున్నారు. ఆ సాయంత్రమే సెక్రటరీగారు, ఫ్లాట్లలో ఆహార పదార్థాలు పులియబెట్టరాదని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. రాత్రి ఎనిమిది కాకముందే ఆడవాళ్ళంతా సెక్రటరీగారి ఇంటి మీదికి వెళ్ళారు. వారందరికంటే ముందు, రుబ్బిన ఇడ్లీ పిండి గిన్నె చేత పట్టుకొని, గుమ్మంలోనే ఆయన్ను నిలదీసింది సెక్రటరీగారి భార్య.