మొదటి పని మనమే ఇవ్వాలి

మన వాళ్లింట్లో పెళ్లి ఒడిశాలోని బరంపురంలో జరిగినా, పర్లాకిమిడిలో జరిగినా కెమెరా టీం మాత్రం విశాఖపట్నం నుంచో హైదరాబాద్ నుంచో దిగుతుంది. అడ్వాన్స్ వాళ్లకి ముందే వెళ్లిపోతుంది. ఊళ్లో కెమెరా పట్టుకుని తిరిగే కుర్రాడితో, "నువ్వూ వచ్చి నాలుగు ఫొటోలు తియ్యరా, అనుభవం వస్తుంది" అంటాం. కడుపు నిండా భోజనం పెడతాం, డబ్బు మాట ఎత్తం. బాబాయ్ వరసయ్యేవాణ్ణి ఎంతిస్తారని వాడెలా అడుగుతాడు?

ఆంధ్ర సరిహద్దులోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఫొటోగ్రఫీని బతుకుతెరువు చేసుకోవాలనుకునే తెలుగు పిల్లల్ని చాలామందిని చూశాను. అనుభవం లేదని అందరూ వాళ్లని వెనక్కి పంపేవాళ్లే. ఆ అనుభవం వచ్చే మొదటి పనికి డబ్బిచ్చేవాళ్లు దొరకరు. ఈ ముడి విప్పాల్సింది పని ఇచ్చే స్థితిలో ఉన్న మనమే. దేశాలు దాటి వచ్చి నాలుగు డబ్బులు చూసినవాళ్లం, ఊళ్లో శుభకార్యాలు చేయించేవాళ్లం మనమే కాబట్టి ఈ మాట మన పత్రికలోనే రాస్తున్నాను.

అనుభవం లేకుండా మొదలుపెట్టడం ఈ వృత్తిలో కొత్తేమీ కాదు. నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో నక్షలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. 1870లలో సరదాగా కెమెరా పట్టుకున్నాడు. అక్కడి పెద్దలు, అధికారులు పని ఇచ్చారు, ఆ పనిలోనే చెయ్యి తిరిగింది. ఇవాళ చదువుకుని రావాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో డిగ్రీ ఉంది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లాలి. వెళ్లలేనివాళ్లకి మంచి స్టూడియోలో ఒక సీజనంతా అసిస్టెంట్‌గా చెయ్యడం కంటే మేలైన దారి నాకు కనిపించదు. లైటు పట్టుకోవడం, మెమొరీ కార్డు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా చెరపకుండా ఉండటం, కోపంగా ఉన్న పెళ్లికొడుకు తండ్రితో నెమ్మదిగా మాట్లాడటం వీడియోలు చూస్తే రావు. కానీ అసిస్టెంట్‌కి రోజుకూలి ఇవ్వాలి. నేర్పుతున్నాం కదా అని ఎగ్గొట్టడాన్ని నేను ఒప్పుకోను.

సరిహద్దు పిల్లలకి ఉన్న బలం బయటి టీంకి లేదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ పురోహితుడు తెర ఎప్పుడు దించుతాడో, సరిగ్గా అప్పుడే ఏ మేనమామ అడ్డం వచ్చి నిలబడతాడో వాళ్లకి తెలుసు. ఒడియా పెళ్లిలో వధూవరుల చేతులు కలిపి కట్టే హాతగంఠి ఎప్పుడో, ఆడవాళ్లు నోటితో చేసే మంగళధ్వని, హుళహుళి, వినిపించగానే ఎటు తిరగాలో కూడా తెలుసు. అక్కడ తెలుగింటి అమ్మాయి ఒడియా ఇంటికి కోడలిగా వెళ్లడం కొత్త కాదు. అలాంటి పెళ్లిలో ఇద్దరు అమ్మమ్మలతోనూ వాళ్ల వాళ్ల భాషలో మాట్లాడి నవ్వించగల ఫొటోగ్రాఫర్‌ని ఎక్కడి నుంచి తెస్తాం?

పని అడిగేటప్పుడు చూపించుకోడానికి పోర్ట్‌ఫోలియో, అంటే తీసిన ఫొటోల కట్ట, లేదని దిగులుపడేవాళ్లకి బరంపురంలో ఠాకురాణి యాత్ర ఉంది. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు నేతవారి పెద్ద దేసిబెహెరా వీధికి, అంటే పుట్టింటికి వస్తుంది. మొక్కు తీర్చుకోడానికి జనం పులివేషాలు, దేవతల వేషాలు కడతారు. వేషం కట్టేముందు ఇంట్లో రంగులు పూస్తున్న తల్లిని తీస్తే, ఊరేగింపులో తీసిన వంద ఫొటోల కంటే ఎక్కువ చెబుతుంది. ఆ ఇంట్లోకి బయటివాడికి అంత సులువుగా పిలుపు రాదు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్ల ఫొటోలకి ఎగబడేవాళ్లతో మాత్రం ఒక మాట చెప్పాలి. ఫిబ్రవరి, మార్చిల్లో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీల మీద ఫ్లాష్ కొట్టకూడదు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు వెళ్లాల్సింది పోయి మన లైట్ల వైపు పాకుతాయి. ఫారెస్టు వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడే ఆగాలి.

పెళ్లిళ్ల కంటే నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది వస్తువుల ఫొటోలు. పెళ్లికి సీజనుంటుంది, దీనికి ఉండదు. బరంపురం పట్టుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లు చెక్కే కొంగల్ని, రొయ్యల్ని చూసినవాళ్లు మరిచిపోలేరు. ఆన్‌లైన్‌లో వాటి ఫొటోలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎదురుగా ఫ్లాష్ పడి జరీ తెల్లగా మండుతుంది, మెరూన్ చీర ఎర్రగా కనిపిస్తుంది. చీర చేతికొచ్చాక రంగు వేరుగా ఉందని కొన్నావిడ తిప్పి పంపుతుంది, ఆ నష్టం నేతగాడి నెత్తిన పడుతుంది. దీనికి మందు ఖరీదైన కెమెరా కాదు. పొద్దున్నే కిటికీ పక్కన చీర పరిచి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని, మొదటి ఫొటోలో తెల్ల కాగితం పెట్టి దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్, అంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు పడేలా చేసే సెట్టింగు, సరిచేసుకుంటే సగం పని అయినట్టే. పల్లూ, గుడి గోపురాల అంచు, వెనకవైపు నేత, మూడూ విడివిడిగా చూపించాలి. కొమ్ము బొమ్మ ఇంకా పెంకిది. నల్లటి నునుపు మీద గదంతా కనబడుతుంది. లైటుకీ బొమ్మకీ మధ్య పల్చటి తెల్ల గుడ్డ కట్టి తీయాలి. ఇరవై చీరలు ఇలా ఓపిగ్గా తీసిన పిల్లకి పట్టు దుకాణంలో నెలనెలా పని దొరికే అవకాశం ఉంది.

పిల్ల అని కావాలనే అన్నాను. దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పరదా చాటు ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళకి అప్పగించాడు. మన ఇళ్లలో పసుపు కొట్టడం, మంగళస్నానం, శ్రీమంతం లాంటి చోట్ల ఇప్పటికీ మగ ఫొటోగ్రాఫర్ గుమ్మం దగ్గరే ఇబ్బందిగా నిలబడతాడు. ఆడపిల్ల కెమెరా పడితే ఆ పని సహజంగా ఆమెదవుతుంది. రాత్రి పెళ్లికి పంపడానికి తల్లిదండ్రులకి టెన్షన్ ఉంటుంది, అది న్యాయమే. రానూపోనూ బండి ఏర్పాటు చెయ్యడం, ఇద్దరమ్మాయిల్ని కలిపి పిలవడం మన బాధ్యత.

సామాను గురించి ఎక్కువ చెప్పను. సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ, తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు, ఒక ఫ్లాష్ చాలు. ఈఎంఐల మీద పెద్ద కెమెరా కొని వాయిదాల కోసం పరుగెత్తొద్దు. గోపాల్‌పూర్ సముద్రతీరపు ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి లెన్సులో బూజు పడుతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి దాచుకోవాలి. మనం వాడని కెమెరాలు పంపడం మంచిదే. దాంతోపాటు ఒక పని కూడా పంపాలి.

పెద్ద టీంని మానెయ్యమనడం లేదు. పెళ్లికి వాళ్లనే పిలుచుకోండి. వాళ్లతో మాట్లాడేటప్పుడే మా ఊరి వాళ్లొకర్ని జీతమిచ్చి తమతో పెట్టుకోవాలని షరతు పెట్టండి. అన్నప్రాశన, నామకరణం, నాన్నగారి షష్టిపూర్తి, గృహప్రవేశం లాంటివి మాత్రం పూర్తిగా ఊరివాళ్లకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అర పేజీ కాగితం రాసుకోండి: ఎంత డబ్బు, అడ్వాన్స్ ఎంత, ఫొటోలు ఎన్నాళ్లలో ఇవ్వాలి, వాటిని తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా లేదా. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకి తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. మీరు రాసివ్వకపోతే, మీ ఇంటి పనిని చూపించి ఆ పిల్లలు రెండో పని అడగలేరు.