లుబ్లిన్‌లో వారాలబ్బాయిలు

వారాలు చేసుకుని చదువుకోవడమంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏ ఇంట్లో ఆదరంగా వడ్డిస్తారో, ఏ ఇంట్లో అరుగు మీదే ఆకు వేస్తారో ఆ పిల్లాడికి బాగా తెలుసు. తూర్పు యూరప్‌లో యూదుల మతపాఠశాలల్లో, అంటే యెషివాల్లో, పేద విద్యార్థులు సరిగ్గా ఇలాగే బతికారు. వాళ్ల యిడ్డిష్ భాషలో దీన్ని ‘ఎసన్ టెగ్’ అనేవారు. అంటే ‘రోజులు తినడం’. మన ‘వారాలు’ లాంటి మాటే. రాత్రికి ప్రార్థనామందిరంలోని బల్లలే పడకలు.

ఇది పోవాలని పట్టుబట్టిన మనిషి రబ్బీ, అంటే యూదు మతగురువు, మెయిర్ షపీరో. పోలండ్ పార్లమెంటులో సభ్యుడిగా కూడా పనిచేశాడు. ధర్మశాస్త్రం చదివే కుర్రాడు పూటకూటికి గుమ్మాల ముందు నిలబడితే అది చదువుకే అవమానమన్నది ఆయన బాధ. 1924లో లుబ్లిన్ నగరంలోని లుబార్టోవ్‌స్కా వీధిలో కొత్త యెషివాకు పునాదిరాయి వేయించాడు. అమెరికా దాకా వెళ్లి చందాలు పోగుచేశాడు. 1930 జూన్‌లో ఆరంతస్తుల భవనం తెరుచుకుంది. 120 గదులు, లోపలే వంటశాల, హాస్టల్. చేరాలంటే యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తల్మూద్‌లో 200 పుటలు కంఠతా వచ్చి ఉండాలి. చేరాక మాత్రం భోజనం గురించి టెన్షన్ లేదు.

పిల్లలు ఊళ్లోకి తిండికి వెళ్లడం మానేశారు కాబట్టి బడికీ యూదుల పేటకీ బంధం తెగిందనుకుంటే పొరపాటు. అప్పట్లో లుబ్లిన్ జనాభాలో దాదాపు మూడోవంతు యూదులే. కోట కింద పొద్‌జామ్‌చె పేట, దాని నడిబొడ్డున షెరోకా వీధి, ఎగువన క్రైస్తవుల పాతబస్తీకి తోవ చూపే గ్రోద్జ్‌కా ద్వారం. ఆ ద్వారాన్ని జనం యూదుల ద్వారమనే పిలిచేవారు. లుబ్లిన్‌లో యూదుల చదువు 16వ శతాబ్దం నాటి నుంచే పేరుమోసింది. షపీరో కొత్త బడి ఆ పేరు మీదే నిలబడింది. రొట్టె చేసేవాడు, కుట్టుపనివాడు, సాయంత్రం పని ముగించుకుని పుస్తకం ముందు కూర్చునే దుకాణదారు, ఇలాంటివాళ్లున్న ఊళ్లోనే అలాంటి బడికి అర్థం.

1942 మార్చి 16 రాత్రి మొదలుపెట్టి, ఏప్రిల్ మధ్యలోపు నాజీలు సుమారు 26 వేలమందిని లుబ్లిన్ నుంచి బెల్జెక్ మరణశిబిరానికి తరలించి చంపారు. తర్వాత పేటను నేలమట్టం చేశారు. షెరోకా వీధి ఇప్పుడు లేదు. కోట ముందున్న విశాలమైన చౌకు, ఆ ఇళ్లున్న నేల మీద 1954లో కట్టిందే.

బడి భవనం మాత్రం మిగిలింది. యుద్ధం తర్వాత చాలా ఏళ్లు వైద్యవిద్యకు వాడారు. 2003లో యూదు సమాజానికి తిరిగిచ్చారు. 2007లో లోపలి ప్రార్థనామందిరాన్ని తెరిచారు, 2013లో ఒక హోటల్ వచ్చింది. హోటల్ పెట్టడాన్ని నేను తప్పుపట్టను. అంత పెద్ద భవనం నిలవాలంటే ఎక్కడినుంచో ఆదాయం రావాలి. కానీ యెషివా తిరిగొచ్చిందని ఎవరైనా అంటే మనసు ఒప్పుకోదు. తిరిగొచ్చినవి గోడలు. చుట్టూ పేట లేదు, పిల్లల్ని పంపే ఇళ్లు లేవు.

నిజంగా బతికింది షపీరో చేసిన ఇంకో పని. 1923లో వియన్నాలో జరిగిన మహాసభలో ఆయనొక ప్రతిపాదన పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడున్నా యూదులందరూ రోజుకి తల్మూద్‌లో ఒకే పుట చదవాలి. 2,711 పుటలు పూర్తికావడానికి సుమారు ఏడున్నరేళ్లు పడుతుంది. పూర్తయిన మర్నాడే మళ్లీ మొదటి పుట. 1933లో, 46 ఏళ్లకే ఆయన పోయాడు. చదువు ఆగలేదు. 2020 జనవరిలో మొదలైన 14వ ఆవృత్తి 2027 జూన్‌లో ముగుస్తుంది. న్యూయార్క్ రైల్లో ఆఫీసుకు వెళ్తూ చదివేవాళ్లున్నారు. హాస్టల్‌తో పిల్లల్ని ఇంటింటి గుమ్మాల నుంచి తప్పించిన మనిషే, ఈ పద్ధతితో చదువుని ఒక్క ఊరి నుంచి కూడా తప్పించాడు. ఊరే పోతుందని ఆయన ఊహించి ఉండడు.

మరి పేట సంగతి? దాన్ని మళ్లీ కట్టలేం. కానీ గ్రోద్జ్‌కా ద్వారంలో ఒక సాంస్కృతిక కేంద్రం ఉంది. అక్కడివాళ్లు యుద్ధానికి ముందు లుబ్లిన్‌లో ఉన్న 43 వేలమంది యూదులకు మనిషికో ఫైలు చొప్పున తెరిచారు. పేరు, ఇల్లు, ఫొటో, ఏది దొరికితే అది అందులో పెడుతున్నారు. చాలా ఫైళ్లు పలచగానే ఉంటాయి. నా దృష్టిలో భవనానికి చేసిన మరమ్మతు కన్నా ఇది పెద్ద పని, ఎందుకంటే ఇది మనుషుల లెక్క.

దగ్గర్లోనే పొద్‌వాలె వీధిలో, ఆ పేటకు చెందిన పాత వీధిదీపం ఒక్కటి మిగిలింది. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. మనవాళ్లెవరైనా పోలండ్ చదువులకో ఉద్యోగాలకో వెళ్లి లుబ్లిన్ చూడాలనుకుంటే, ముందు ఆ దీపం దగ్గరికి వెళ్లమంటాను. అక్కడినుంచి లుబార్టోవ్‌స్కా వీధిలోని బడికి నడిచే వెళ్లొచ్చు.