మెరుగైన జీవితం ఎవరి ఖాతాలో

పరాయి దేశానికి తరలిపోతే జీవితం మెరుగుపడుతుందా లేదా అనే ప్రశ్నను విశాఖపట్నం పౌరులు తగినంత గంభీరంగా విచారించడం లేదని కొందరు విమర్శిస్తుంటారు. ఆ విమర్శ అన్యాయమైనది. ఈ నగరంలో ఆ ప్రశ్నను విచారించని ఇల్లు లేదు. కాకపోతే తీర్పు ముందే వెలువడి ఉంటుంది కనుక, విచారణ అంతా ఏ దేశం, ఏ సీజను, ఎవరి పేరున ఉన్న ఇల్లు తాకట్టు అన్న ఉపప్రశ్నల మీదే నడుస్తుంది. వెళ్ళేవాడు కారణం చెప్పనక్కరలేదు. సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు ఉండిపోయినవాడే. ఇంజనీరింగు పూర్తిచేసి, ఇక్కడే ఉద్యోగం చూసుకుని, సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ కనబడిన కుర్రవాణ్ణి తెలిసినవారెవరైనా "ఏటి బాబూ, ఇంకా ఇక్కడే ఉన్నావేటి?" అని పలకరిస్తారు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అడిగే జాలి ఆ గొంతులో ఉంటుంది.

ఇంతటి నిర్ణయం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవడం అవసరం. ద్వారకానగర్‌లో మేడ మెట్లు ఎక్కితే ఏదో ఒక కన్సల్టెన్సీ తగులుతుంది. గోడ నిండా వీసా కాగితాన్ని గుండెకు ఆనించుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు ఉంటాయి. అలా వెళ్ళి తిరిగి వచ్చినవారి ఫొటోలకు గోడ చాలలేదు కాబోలు, అవి కనబడవు. కౌన్సిలరు అమ్మాయి మొదటి ప్రశ్న పిల్లవాడిని అడగదు. "అంకుల్, బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు?" అని తండ్రిని అడుగుతుంది. ఆయన గొంతు తగ్గించి చెప్పిన అంకెను కాలిక్యులేటరులో కొట్టిన తరువాత పిల్లవాడికి చిన్నప్పటినుంచీ ఏ దేశం మీద ఇష్టమో తేలుతుంది. గాజువాకలో సొంత ఇల్లు ఉన్నవాడికి అమెరికా, మధురవాడలో ఖాళీ స్థలం మాత్రమే ఉన్నవాడికి బ్రిటన్, ఏమీ లేక మార్కులు మాత్రమే ఉన్నవాడికి జర్మనీ సహజంగా సరిపోతాయని ఈ శాస్త్రంలో సిద్ధాంతం. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఫీజు అడగవు కనుక ఆ మూడోవాడు సంతోషంగా ఇంటికి వెళ్ళి, ఏడాది ఖర్చు కింద, నెలకింత చొప్పున మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్‌డ్ అకౌంటులో 11,904 యూరోలు ముందే చూపించాలన్న సంగతి వాట్సాప్‌లో చదువుకుంటాడు.

అమెరికా విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మనిషి జీవితాన్ని మెరుగుపరచడానికి ఆ దేశం చేసిన ఏర్పాటు అంత పకడ్బందీగా ఉంటుంది. ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు, సాంకేతిక కోర్సులవారికి మరో 24 నెలలు పనిచేసుకోవచ్చు. ఆ తరువాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా కావాలి. ఏటా 65,000 వీసాలు, అక్కడే మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. అడిగేవారు అంతకు ఎన్నో రెట్లు కనుక లాటరీ తీస్తారు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరి, ఒక్క మార్కు తగ్గితే ఇంట్లో అన్నం మానేసి, ఇరవయ్యేళ్ళపాటు అదృష్టాన్ని నమ్ముకోకుండా చదివిన పిల్లలు ఆ విధంగా లక్కీ డిప్‌కు అర్హత సంపాదిస్తారు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మన ఇళ్ళల్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. అయితే ఆ రుసుము ఇప్పటికే అక్కడున్న విద్యార్థులకు వర్తించదని కొన్ని వారాల తరువాత వివరణ వచ్చేసరికి, ఆ వ్యవస్థ ఎంత దయగలదో అందరికీ మళ్ళీ అర్థమైంది.

లాటరీ ముందు తర్కం పనిచేయదు. అందుకే తరతరాలుగా సింహాద్రి అప్పన్ననే నమ్ముకున్న కుటుంబాలు కూడా ఈ ఒక్క శాఖను హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీకి బదిలీ చేశాయి. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108 అన్న నిబంధనలో లాటరీ లేదు, ఫీజు లేదు, అపాయింట్‌మెంటు లేదు. అమెరికా కాన్సులేటు కూడా హైదరాబాదులోనే ఉండడం వల్ల గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకే టికెట్టు మీద రెండు దర్శనాలూ పూర్తవుతాయి.

ఇక స్థిరనివాసం. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతానికి మించి దక్కకూడదన్నది స్థూలంగా నియమం. కోట్లమంది ఉన్న దేశానికీ, ఒక కాలనీకి సరిపడా జనం ఉన్న ద్వీపానికీ ఒకే వాటా ఇవ్వడంలోని సమధర్మాన్ని మనం మెచ్చుకోవాలి. 2025 అక్టోబరు నాటికి పై చదువులవారి కోసం పెట్టిన ఈబీ-2 వరుసలో భారతీయులకు 2013 మార్చి వరకు దరఖాస్తు పడినవారికే వంతు వచ్చింది. హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని తుడిచిపెట్టింది 2014 అక్టోబరు 12న. ఆ తుపాను తరువాత నాటిన మొక్కలు మానులై, వాటి నీడలో ఇడ్లీ బండ్లు వెలిశాయి. తుపాను వార్త డల్లాస్‌లో టీవీలో చూసి కంగారుపడి ఇంటికి ఫోను చేసినవాడు మాత్రం ఇంకా వరుసలోనే నిలబడి ఉన్నాడు. ఈలోగా ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. వెంట తీసుకువెళ్ళిన పిల్లలకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల వరుసలో వారికి చోటు ఉండకపోవచ్చు. ఓర్పు అనే సుగుణాన్ని ఇంత ఖర్చుతో నేర్పే విద్యాసంస్థ మన రాష్ట్రంలో లేదని ఒప్పుకోవాలి.

కెనడా, బ్రిటన్ కూడా వెనకబడలేదు. కెనడా 2024 జనవరి నుంచి విద్యార్థి చూపించవలసిన సొమ్మును 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. బ్రిటన్ అదే నెలలో, పరిశోధన కోర్సులవారిని మినహాయించి, విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోవడం ఆపేసింది. ఈ రెండో నియమాన్ని కొందరు కొత్త పెళ్ళికొడుకులు వ్యతిరేకించగా, అత్తగార్లు స్వాగతించారని వినికిడి.

ఇంత శ్రమకోర్చి సంపాదించిన మెరుగైన జీవితం చివరకు ఎక్కడ తేలుతుందో పరిశీలిస్తే, అది ఎంవీపీ కాలనీలో తేలుతుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగుల మధ్య కాసేపు నడిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. "మా వాడు న్యూజెర్సీ" అంటాడు ఒకాయన. వాడు అక్కడ ఏ పని చేస్తున్నాడో ఆయనకు తెలియదు, వినేవారికి అక్కరలేదు. ఆ ఒక్క వాక్యంతో ఆయన నడక వేగం, పక్కవాళ్ళ గౌరవం, వాడి చెల్లెలి పెళ్ళి సంబంధాల స్థాయి పెరుగుతాయి. ఆ వాక్యం ఆయన నోట పలకడం కోసం వాడు తెల్లవారుజామున మంచు తవ్వి కారు బయటకు తీస్తాడు. వాడు పంపిన డాలర్లతో మధురవాడలో కొన్న మూడు పడగ్గదుల ఫ్లాటుకు తాళం వేసి ఉంటుంది. నెలకోసారి తండ్రి వెళ్ళి కిటికీలు తెరిచి, కుళాయిలు తిప్పి చూసి, మళ్ళీ తాళం వేసి వస్తాడు. ఖర్చంతా వెళ్ళినవాడి పద్దులో, జమ అంతా ఉండిపోయినవారి పద్దులో రాసే ఈ లెక్కను ఏ ఆడిటరూ ఇంతవరకు తప్పుపట్టలేదు.

బయలుదేరే ముందు రాత్రి ఆ ఇంటి హాలు చూడదగ్గది. 23 కిలోల పెట్టెలు రెండు నేలమీద నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఆవకాయను మూడు కవర్లలో కట్టి, బ్రౌను టేపు చుట్టి, నూనె కారుతుందేమోనని తలకిందులు చేసి చూస్తారు. పక్కింటి నుంచి అరువు తెచ్చిన కొక్కేల తూకం 24 చూపించగానే వాదన మొదలవుతుంది. కందిపొడి తీసేస్తారు. తల్లి ముఖం చూసి కందిపొడి మళ్ళీ పెట్టి, ఏ చదువు కోసం ఆ ప్రయాణమో ఆ పుస్తకాలు తీసేస్తారు. కుక్కరు కదపడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలదు.

కొన్నేళ్ళకు మెరుగైన జీవితాన్ని కళ్ళారా చూసి రమ్మని తల్లిదండ్రులకు పిలుపు వస్తుంది. ఆ పిలుపు సాధారణంగా కోడలి తొమ్మిదో నెలతో కలిసివస్తుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండనిస్తారు. ఆవిడ వంటగదిలో, పసిబిడ్డ పక్కన ఆ ఆరు నెలలూ గడిపేస్తుంది. ఆయనకు కారు నడపడం రాదు, నడిచి వెళ్ళేంత దూరంలో కిళ్ళీ కొట్టు ఉండదు. సోఫాలో కూర్చుని కిటికీలోంచి ఎదురింటి కారు ఎప్పుడు బయటకు వెళ్ళిందో, ఎప్పుడు వచ్చిందో గమనిస్తూ, తెలుగు చానెళ్ళలో విశాఖ వాతావరణం చూసుకుంటాడు. తిరిగివచ్చిన మర్నాడు బీచ్ రోడ్డులో మాత్రం నయాగరా తప్ప మరో మాట ఆయన నోట రాదు.

ఈ ఉబలాటం మనకు కొత్తదేమీ కాదు. మన తాతలు విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో ఓడ ఎక్కి బర్మాలోని రంగూను వెళ్ళారు. అక్కడి ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసి ఇళ్ళకు డబ్బు పంపారు. అప్పుడూ ఇంటిదగ్గరివాళ్ళు గొప్పగానే చెప్పుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఎంతోమంది అడవుల గుండా అస్సాం వైపు నడిచి వచ్చారు, దారిలో రాలిపోయినవారు రాలిపోయారు. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక మిగిలినవారిలో చాలామంది కట్టుబట్టలతో చేరుకున్నారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలింది. విదేశీ జీవితంలోని లాభనష్టాల గురించి సలహా కావలసినవారు ద్వారకానగర్ నుంచి ఆటోలో అక్కడికి వెళ్ళవచ్చు. వెళ్ళరు, ఎందుకంటే అక్కడ గోడమీద ఫొటోలు లేవు. ఎదురు వలసకు కూడా మన దగ్గర ఆధారాలున్నాయి. 17వ శతాబ్దంలో డచ్చివారు మెరుగైన జీవితం వెతుక్కుంటూ సముద్రాలు దాటి భీమిలికి వచ్చారు. వారిలో కొందరు లాటరీ, వరుస, 7 శాతం బెడద లేకుండా శాశ్వత నివాసం సంపాదించుకున్నారు. ఆ సమాధులను ఇప్పటికీ చూడవచ్చు.

నిష్పక్షపాతంగా ఉండవలసిన బాధ్యత మాకు ఉంది కనుక వెళ్ళేవారి పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి. రేవు పక్కనున్న పాతనగరంలో బాల్కనీలో చొక్కా ఆరేస్తే సాయంత్రానికి దాని మీద బొగ్గుపొడి పలచగా పరుచుకుంటుంది. చదువుకు తగిన ఉద్యోగం దొరకడం కష్టం. ప్రభుత్వం టీసీఎస్‌కు 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు ఇచ్చిన నగరంలోనే, ఇక్కడే ఉంటానన్న కుర్రవాడికి వంద గజాలు కొనే స్తోమత లేదు. అమెరికాలో గూగుల్ మౌంటెన్ వ్యూ ఆఫీసు మెట్లు ఎక్కాలని కొందరు పదేళ్ళు కష్టపడుతుండగా, 2025 అక్టోబరులో గూగులే ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖకు వస్తానని ప్రకటించింది. ఆ ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరు ఎవరిని కలవడానికి ఎక్కడికి వెళ్ళాలన్న విషయంలో అయోమయం నెలకొంది. డేటా సెంటరులో మనుషులకన్నా యంత్రాలకే ఎక్కువ కుర్చీలు వేస్తారని తెలిసిన తరువాత ఆ అయోమయం కొంత తగ్గింది.

అమ్మాయిల దగ్గరకు వచ్చేసరికి మా విచారణ తడబడింది. అక్కడ స్థిరపడిన ఆడపిల్లలు చెప్పే కారణాల్లో డాలరుది చాలాసార్లు రెండో స్థానం. రాత్రి పదకొండింటికి ల్యాబ్ నుంచి ఒక్కతే గదికి వస్తే ఎక్కడినుంచి రాక అని ఆరాతీసే పైఅంతస్తు ఆంటీ ఉండదని, ఇరవై ఏడేళ్ళు వచ్చినా పెళ్ళి మాట ఎత్తనివాళ్ళ మధ్య పనిచేసుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదని వారు అంటున్నారు. ఈ వాదన మీద వేయడానికి మా దగ్గర హాస్యం సిద్ధంగా లేదు.

మిగిలినవారి విషయంలో మా ప్రతిపాదన ఇది. వెళ్ళదలచినవాణ్ణి ముందుగా ఆరు నెలలు మధురవాడలోని ఆ తాళం వేసిన ఫ్లాటులోనే, మరో ఐదుగురితో కలిపి ఉంచాలి. పనిమనిషి ఉండకూడదు, గిన్నెలు, బాత్రూము వంతులవారీగా కడుక్కోవాలి. అదే నగరంలో ఉన్న అమ్మానాన్నలను వీడియో కాల్‌లో మాత్రమే చూడాలి, అదీ వాళ్ళకు తెల్లవారినప్పుడు వాడికి నిద్ర ముంచుకొచ్చే వేళకు. సంక్రాంతి నాడు ఆఫీసు మీటింగు పెట్టాలి. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు పోయే ముందు బీమా కాగితాలు మూడుసార్లు చదివి, భయపడి, పారాసెటమాల్ వేసుకోవాలి. మార్చిలో వీసా లాటరీకి చీటీలు తీయాలి. ఉద్యోగం పోయినవాడు 60 రోజుల్లో జిల్లా దాటాలి. ఇవన్నీ తట్టుకుని కూడా జీవితం మెరుగుపడిందని చెప్పగలిగినవాణ్ణి విమానం ఎక్కించడానికి అభ్యంతరం ఉండకూడదు.

సీతమ్మధారలో ఒక కుటుంబం ఈ పద్ధతిని పరీక్షించడానికి ముందుకు వచ్చింది. ఖర్చు బాగా కలిసివస్తుందని తండ్రి వెంటనే ఒప్పుకున్నాడు. తల్లి ఒక్క ఇబ్బంది చెప్పింది: "అంతా బాగానే ఉందండీ, మరి ఆ ఆరు నెలలూ అడిగినవాళ్ళకు ఏం చెప్పమంటారు?" టొరంటోలో ఉన్నాడని చెప్పమన్నాము. కుర్రవాడు మధురవాడలో గిన్నెలు తోముకుంటుండగానే మొదటి వారంలో రెండు సంబంధాలు వచ్చాయి. రెండోవారు, అక్కడ చలి ఎక్కువ కదా అని, హీటరున్న కారు కూడా ఇస్తామంటున్నారు.