ఫ్యాక్స్ చదివే సాఫ్ట్‌వేరట!

మాది హన్మకొండలో చిన్న ఆఫీసు. ఈ కాలంలో కూడా పాత పార్టీ ఒకాయన ఆర్డర్లన్నీ ఫ్యాక్స్‌లోనే పంపుతారు. టైపింగ్ తిప్పలు తప్పుతాయని మా సారు ఓసీఆర్ అని, కాగితం మీది అక్షరాల్ని చదివి టైప్ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ పెట్టించారు. తిప్పలు తప్పకపోగా రెట్టింపయ్యాయి. మామూలు ఫ్యాక్స్‌లో నిలువునా అంగుళానికి దాదాపు 98 గీతలే. ఓసీఆర్ సరిగ్గా చదవాలంటే 300 చుక్కలుండాలి. "ఫైన్ మోడ్‌లో పంపండన్నా, కనీసం 196 వస్తాయి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వింటేనా! నిన్న ఎనుమాముల అనే ఊరి పేరు కాస్తా 'ఎసుమాముల' అయింది. వత్తుల సంగతి అడగొద్దు. 8 బస్తాలు 3 అయ్యాయి. రబ్బరు స్టాంపు పడ్డచోట ఏముందో దేవుడికే తెలియాలి. అక్షరమక్షరం సరిచూసే బదులు నేనే టైప్ చేసుంటే, ఈపాటికి ఇంట్లో చాయ్ తాగుతుండేవాణ్ని.